ధర దాచుకుంటే డీలరుకే లాభం

గుంటూరు యార్డులో నిన్న మిర్చి క్వింటా ఎంత పలికిందో ఇవాళ పేపర్లో ఉంటుంది. వరంగల్ ఏనుమాములలో పత్తి, నిజామాబాద్‌లో పసుపు, ఆదోనిలో వేరుశనగ, ఏదైనా అంతే. ధర బోర్డు మీద రాస్తారు, సాయంత్రానికి ఫోన్లలో తిరుగుతుంది. మన సరుకు ధర లోకమంతటికీ తెలుసు. మరి మనం కొనే ట్రాక్టరు ధర? అది షోరూం లోపలి గదిలో, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెబుతారు. "మీకొక్కరికే ఈ రేటు బాబాయ్. బయట ఎవరికీ చెప్పకండి" అంటారు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సామెత వెనక కారణాలు చాలా ఉన్నాయి. ఈ నెల ఒక్కదాని గురించే మాట్లాడుకుందాం. మనం అమ్మే ధర బహిరంగం, కొనే ధర రహస్యం. ఆ రహస్యం అలాగే ఉన్నంతకాలం మనలో ఎంతటి మాటకారి వెళ్లి బేరమాడినా గెలిచేది డీలరే. ఎందుకంటే ఆయనకు వందమందికి అమ్మిన ధర తెలుసు. మనకు మన ధర ఒక్కటే తెలుసు.

ఇది చిన్న విషయం కాదు. పన్నుతో కలిపి 6,82,500 రూపాయల ట్రాక్టరు అనుకుందాం. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధర పూర్తిగా చేతికొచ్చినా 84 క్వింటాళ్ల పత్తి పోస్తే గానీ ఒక ట్రాక్టరు రాదు. బేరంలో 40 వేలు ఎక్కువ ఇచ్చామంటే దాదాపు 5 క్వింటాళ్ల పత్తి షోరూంలో ఒదిలేసి వచ్చినట్టు. యార్డులో తేమ పేరుతో కిలో కోస్తే గొడవపడే మనం, ఇక్కడ 5 క్వింటాళ్లు పోయినా మాట్లాడం. పోయిందని తెలియదు గనుక.

మూడు బిల్లులు పక్కపక్కన పెడితే

మా మండలంలో ముగ్గురు సభ్యులు ఒకే నెలలో, ఒకే షోరూంలో, ఒకే మోడలు ట్రాక్టర్లు కొన్నారు. సంఘం ఆఫీసులో ముగ్గురి కాగితాలూ బల్ల మీద పరిచి చూశాం. ఎక్కువ ఇచ్చినవారికీ తక్కువ ఇచ్చినవారికీ తేడా 38 వేలు. బండి ధరలో తేడా 11 వేలు. బీమాలో 7 వేలు. బంపరు, హుక్కు, టాపు వంటి సామాన్ల కింద 12 వేలు. "హ్యాండ్లింగ్, ఫైలు ఖర్చు" అని రాసిన దగ్గర 8 వేలు. ముగ్గురికీ "మీకొక్కరికే ఈ రేటు" అనే చెప్పారు.

ఎవరు తక్కువకు కొన్నారో చూడండి. ఇరవై ఎకరాల ఆసామి, పాత ట్రాక్టరు ఎక్స్ఛేంజి ఇచ్చినాయన. ఎవరు ఎక్కువ ఇచ్చారు? కౌలు రైతు. ఆయన పేరున పాసు పుస్తకం లేదు, బ్యాంకు రుణం ఇవ్వదు. షోరూంలోనే బల్ల వేసుకుని కూర్చున్న ఫైనాన్సు కంపెనీయే ఆయనకు దిక్కు. దిక్కులేనివాడి దగ్గర ఎక్కువ తీసుకోవడం, ఉన్నవాడికి తగ్గించడం, ఇదీ గది లోపలి బేరం నీతి. బేరం తెలిసినవాడు బాగుపడతాడని అంటుంటారు. అది అబద్ధం. వేరే చోటికి వెళ్లగలిగినవాడే బాగుపడతాడు.

బేరం ఎక్కడ జారుతుంది

షోరూంలో అడుగుపెట్టగానే మొదటి ప్రశ్న బండి ధర గురించి ఉండదు. "ఆరు నెలలకు ఎంత కట్టగలరు?" అని ఉంటుంది. మనం ఒక అంకె చెప్పామంటే బేరం అక్కడితో అయిపోయినట్టే. ఆ అంకెలో ఇమిడేలా ధర, వడ్డీ, గడువు అన్నీ వాళ్లే సర్దుతారు. "ముందు బండి ఇంటికి తోలుకెళ్లండి, డబ్బులదేముంది" అంటారు. డబ్బుల సంగతి ఐదేళ్లపాటు తెలుస్తుంది.

లెక్క వేసి చూద్దాం. 5 లక్షల అప్పు, ఐదేళ్లు, ఆరు నెలలకో కిస్తీ, మొత్తం 10 కిస్తీలు. "తొమ్మిది శాతమే" అంటారు. ఏ తొమ్మిది? ఫ్లాట్ వడ్డీ అయితే ఏడాదికి 45 వేల చొప్పున ఐదేళ్లకు 2,25,000. ఒక్కో కిస్తీ 72,500. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే పడుతుంటుంది. అదే తొమ్మిది శాతం తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే కిస్తీ సుమారు 63,200, మొత్తం వడ్డీ 1,32,000 దాకా. తేడా 93 వేలు. పైకి రెండూ తొమ్మిదే. ఫ్లాట్ తొమ్మిది నిజానికి 15 శాతానికి దగ్గర. బండి ధరలో పదివేలు తగ్గించి చేతిలో చెయ్యి వేసి, వడ్డీలో తొంభై వేలు లాగితే అది తగ్గింపు ఎలా అవుతుంది?

రెండోది బీమా. థర్డ్ పార్టీ బీమా చట్టం ప్రకారం తప్పనిసరి. కానీ అది డీలరు దగ్గరే తీసుకోవాలని ఏ చట్టంలోనూ లేదు. బయట రెండు చోట్ల అడిగి, ధర తెలుసుకుని వెళ్లే హక్కు మనది.

మూడోది హ్యాండ్లింగ్. రిజిస్ట్రేషనుకు ప్రభుత్వానికి కట్టే ఫీజుకు రసీదు ఉంటుంది. రసీదు లేనిది ఫీజు కాదు, మామూలు.

నాలుగోది ఎక్స్ఛేంజి. పాత బండికి ముప్పై వేలు ఎక్కువ కట్టామంటారు, కొత్త బండిలో ఆ ముప్పై కలుపుతారు. రెండు బేరాలు ఒకేసారి నడిస్తే ఏది ఎంతో మనకు తేలదు. కొత్త బండి ధర కాగితం మీద తేలేవరకు పాతదాని మాట ఎత్తకూడదు.

ఐదోది తయారీ సంవత్సరం. డిసెంబరు బండిని జనవరిలో అంటగడతారు. రేపు మనం అమ్మబోతే ఏడాది పాత బండి కిందే ధర కడతారు. ఫారం 21 అమ్మకం పత్రంలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. డబ్బు కట్టకముందే అది అడగాలి.

పన్ను తగ్గింది, ఎవరికి తగ్గింది?

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. పన్ను లేకుండా 6,50,000 ఉన్న బండి అంతకుముందు 7,28,000 అయ్యేది. ఇప్పుడు 6,82,500 కావాలి. అంటే 45,500 తగ్గాలి. మంచిదే, స్వాగతిద్దాం. పన్ను తగ్గించాలని రైతు సంఘాలు అడుగుతూనే వచ్చాయి.

కానీ ఆ 45 వేలు మనదాకా వచ్చాయో లేదో చూసేదెవరు? పన్ను తగ్గకముందు 30 వేలు డిస్కౌంటు ఇచ్చిన బండికి, తగ్గాక డిస్కౌంటు ఎత్తేస్తే మనకు దక్కేది 15 వేలే. మిగతాది మధ్యలో ఆగిపోతుంది. పన్ను తగ్గింపు జనానికి చేరకపోతే విచారించే లాభాపేక్ష నిరోధక ఏర్పాటు జీఎస్టీ చట్టంలోనే ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేశారు. కాపలా తీసేసి, ఐదు నెలలు దాటాక ధాన్యం కళ్లంలో పోసినట్టుంది ఈ వ్యవహారం.

డీలరు మాటా విందాం

"మాకు బండి మీద మిగిలేది తక్కువ, కంపెనీ టార్గెట్లతో చస్తున్నాం" అని డీలర్లు అంటారు. అందులో నిజం ఉంది. మన పోరు షోరూంలో జీతానికి పనిచేసే కుర్రాడి మీద కాదు. పై నుంచి ఒత్తిడి పెట్టేది కంపెనీ. కార్ల విషయంలో ఇది బయటపడింది కూడా. డీలర్లు తాను చెప్పినదానికి మించి డిస్కౌంటు ఇవ్వకుండా కట్టడి చేసిందని మారుతి సుజుకి కంపెనీ మీద కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ దానిమీద అప్పీలుకు వెళ్లింది. మనం గమనించాల్సింది ఏమిటంటే, గదిలో డీలరుతో మనం ఆడే బేరానికి హద్దు ఎక్కడో పై ఆఫీసులో గీసి ఉండొచ్చు.

సరే, డీలరుకు బండి మీద తక్కువే మిగులుతుందనుకుందాం. ఆ తక్కువేదో బోర్డు మీద రాయమనండి. న్యాయమైన లాభం ఇవ్వడానికి రైతు ఎప్పుడూ వెనకాడడు. బండి మీద లాభం తక్కువని చెప్పి బీమాలో, వడ్డీలో, ఫైలు ఖర్చులో చాటుగా తీసుకోవడమే మనకు అభ్యంతరం.

ఇక మనం చేయాల్సింది

మనవాళ్లలో ఒక అలవాటు ఉంది. ఎక్కువ పెట్టి కొన్నామని తెలిస్తే చులకనవుతామని ధర చెప్పరు. తక్కువకు కొన్నవాడేమో డీలరుకు మాటిచ్చానని చెప్పడు. ఇద్దరి మౌనమూ డీలరుకే పెట్టుబడి. కాబట్టి ప్రతి గ్రామ కమిటీ ఒక ధరల పుస్తకం పెట్టాలి. ట్రాక్టరు, రోటవేటరు, కోత మిషను, మోటారు, ఏది కొన్నా మోడలు, తేదీ, బండి ధర, బీమా, సామాన్లు, వడ్డీ రేటు, కిస్తీ అందులో రాయాలి. పేరు రాయనక్కర్లేదు. కొత్తగా కొనబోయేవారు షోరూముకు వెళ్లేముందు ఆ పుస్తకం చూడాలి.

షోరూముకు ఒంటరిగా వెళ్లొద్దు. ఆ సీజనులో ఒకే రకం బండి కొనేవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఐదుగురో పదిమందో ఉంటారు. అందరూ కలిసి మూడు షోరూముల నుంచి రాతపూర్వక కొటేషను తెప్పించుకోవాలి. ఒక్క బండి అడిగినవాడికి టీ ఇస్తారు, పది బండ్లు అడిగినవాళ్లకు ధర ఇస్తారు. మూడు అంకెలు విడివిడిగా రాయించాలి: బండి ధర ఎంత, బీమా ఎంత, ప్రభుత్వ ఫీజులు ఎంత. ఇవి తేలాకే అప్పు సంగతి.

అప్పు తీసుకునేటప్పుడు "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" అడగండి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులైనా, ఫైనాన్సు కంపెనీలైనా ఇది ఇచ్చి తీరాలి. మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అన్ని ఖర్చులూ కలిపిన అసలు వార్షిక వడ్డీ రేటు అందులో ఉంటుంది. అందులో రాయని ఖర్చు మన ఒప్పుదల లేకుండా వసూలు చేయకూడదు. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టొద్దు. బాకీ తీరిన రోజే ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్సీలో ఫైనాన్సు పేరు కొట్టేయించుకోవాలి.

బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా కమిషనులో మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. మనం చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి.

ఇవి మనం చేసుకునే పనులు. ప్రభుత్వం చేయాల్సినవీ ఉన్నాయి. మార్కెట్ యార్డులో ఉన్నట్టే ప్రతి ట్రాక్టరు షోరూంలో మోడలువారీ ధరల బోర్డు తెలుగులో పెట్టించాలి. పన్ను తగ్గింపుకు ముందు ధర, తర్వాత ధర పక్కపక్కన రాయించాలి. లాభాపేక్ష నిరోధక విచారణ మళ్లీ మొదలుపెట్టాలి. ఫ్లాట్ వడ్డీ చెప్పి అప్పు అంటగట్టడం నిషేధించాలి. కౌలు రైతులకు గుర్తింపు కార్డు మీద బ్యాంకుల్లోనే యంత్రాల రుణం ఇప్పించాలి. ఈ ఐదు కోర్కెలతో జిల్లా కలెక్టర్లకు, రవాణా శాఖ అధికారులకు మండల కమిటీలు వినతిపత్రాలు ఇవ్వాలి.

వచ్చే కమిటీ సమావేశానికి ప్రతి సభ్యుడూ గత మూడేళ్లలో కొన్న యంత్రాల బిల్లులు, కిస్తీ కాగితాలు పట్టుకురావాలి. ఎంతకు కొన్నామో చెప్పుకోవడంలో నామోషీ ఏమీ లేదు. మన పత్తి ధర నలుగురి ముందు పాడినప్పుడు లేని సిగ్గు, వాళ్ల ట్రాక్టరు ధర నలుగురికీ చెప్పడానికి మనకెందుకు?