మర వచ్చింది.. మరమ్మతు రాలేదు

ఇంటి షెడ్లలో మూలనపడుతున్న చెక్కుడు యంత్రాలు
చిన్న లోపానికీ వదులుతున్న చేతి చమురు

గృహప్రవేశానికి ముహూర్తం దగ్గరపడింది. సింహద్వారంపై గజలక్ష్మి రూపం సగం వరకు తీరుగా వచ్చింది. అక్కడి నుంచి బొమ్మ మొత్తం పక్కకు జరిగి, ఏనుగు తొండం అమ్మవారి భుజం మీదికి ఎక్కింది. టేకు పలక వృథా అయింది. యంత్రం మాత్రం ఏమీ ఎరగనట్లు తన పని తాను చేసుకుపోయింది. కంప్యూటరు తెరపై ఎక్కడా తప్పు చూపలేదు. అప్పు చేసి సీఎన్‌సీ చెక్కుడు యంత్రాన్ని ఇంటి పక్క షెడ్డులో నిలబెట్టుకున్న వడ్రంగులకు ఇటువంటి అనుభవాలు కొత్త కాదు.

కొండపల్లి బొమ్మలకు, మాధవమాల దేవతామూర్తులకు, ఉదయగిరి చెక్క గరిటెలకు పేరు తెచ్చినది చేతిపనే. తలుపులు, పూజామందిరాల చెక్కడం మాత్రం చాలావరకు మర మీదికి మళ్లింది. ఉలితో రోజుల తరబడి సాగే పని గంటల్లో పూర్తవుతున్నప్పుడు ఎవరూ వెనక్కి వెళ్లలేరు. చిక్కల్లా యంత్రం ఆగినప్పుడే వస్తోంది. అమ్మినవారు బిగించి, ఒకటి రెండు రోజులు నడిపి చూపి వెళ్లిపోతారు. తర్వాత ఫోనులో వినిపించే తీర్పు తరచూ ఒకటే: ‘బోర్డు పోయింది, మార్చాలి’. మనిషి నగరం నుంచి రావాలి, బోర్డు అంతకన్నా దూరం నుంచి రావాలి. బ్యాంకు వాయిదా మాత్రం తేదీ తప్పదు. నిజానికి బోర్డును అనుమానించవలసింది అన్నిటికన్నా చివర. ఇటువంటి యంత్రాల్లో ఎక్కువ లోపాలు మరలు, తీగలు, ధూళి, ఎర్త్ దగ్గరే దొరుకుతాయి.

బొమ్మ ఎందుకు జరుగుతుంది?

ఈ యంత్రాల్లో ఎక్కువగా వాడేవి స్టెప్పర్ మోటార్లు. కంప్యూటరు ఎన్ని అడుగులు వేయమంటే అన్ని అడుగులు తిరగడం వీటి పని. తిరిగాయో లేదో తిరిగి చెప్పే ఏర్పాటు సాధారణ మోటార్లలో ఉండదు. అడ్డు తగిలి నాలుగు అడుగులు తప్పినా, కంప్యూటరు సరైన చోటే ఉన్నాననుకుని చెక్కుతూ పోతుంది. గజలక్ష్మి పక్కకు జరిగినది ఇలాగే.

కారణం పట్టుకోవడానికి పెన్సిలు చాలు. మోటారు ఇరుసు నుంచి దాన్ని స్క్రూతో కలిపే కప్లింగ్ మీదుగా స్క్రూ వరకు నిలువుగా ఒకే గీత గీయాలి. ముందు పనికిరాని చెక్కపై అదే బొమ్మ నడిపి, విద్యుత్తు ఆపి చూడాలి. గీత విరిగి ఉంటే కప్లింగ్‌లోని చిన్న గ్రబ్ స్క్రూ వదులైనట్లే. అలెన్ కీతో బిగిస్తే సరిపోతుంది. గీత చెక్కుచెదరకుండా బొమ్మ మాత్రమే జరిగితే మోటారు అడుగులు తప్పుతున్నదన్న మాట. మొద్దుబారిన బిట్, హద్దు మీరిన వేగం, పొట్టుతో బిగుసుకున్న పట్టాలు, వేడెక్కిన డ్రైవర్ కార్డు.. ఈ వరుసలో చూసుకోవాలి. విద్యుత్తు ఆపి గ్యాంట్రీని చేత్తో నెమ్మదిగా తోస్తే, ఎక్కడ బరువుగా కదులుతున్నదో చెయ్యే చెబుతుంది. కంప్యూటరు నేర్వని వడ్రంగికి సైతం ఈ విద్య కొత్త కాదు.

బొమ్మ జరగకుండా లోతు మాత్రం క్రమంగా పెరుగుతుంటే దోషం మోటారుది కాదు. బిట్ కోలెట్ నుంచి కిందికి జారుతున్నది. కోలెట్ లోపల చేరిన ధూళిని తుడిచి, అరిగి ఉంటే కొత్తది వేయాలి.

కొలతలో తేడా వస్తే లెక్క చూసుకోవాలి. చుట్టుకు 200 అడుగులు వేసే మోటారుకు డ్రైవర్‌పై 8 భాగాల అమరిక ఉంటే చుట్టుకు 1,600 అడుగులు. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ అయితే మిల్లీమీటరుకు 320. ఎవరైనా డ్రైవర్ పక్కనున్న బుల్లి మీటలు కదిపి 8ని 16 చేస్తే బొమ్మ సగానికి కుంచించుకుపోతుంది. వందకు ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గితే మాత్రం అంకెలు దిద్దే తొందర తగదు. ముందు వదులును వెతకాలి.

ఎర్త్ లేని షెడ్డు

స్పిండిల్ తిరగడం మొదలుకాగానే యంత్రం ఆగిపోవడం, యూఎస్‌బీ సంబంధం తెగిపోవడం, ఏమీ తగలకుండానే లిమిట్ స్విచ్ తగిలినట్లు చూపడం.. ‘బోర్డు పోయింది’ అనే తీర్పు ఎక్కువగా వచ్చేది ఈ లక్షణాలకే. అసలు దోషి పలుమార్లు స్పిండిల్ వేగాన్ని నడిపే వీఎఫ్‌డీ పెట్టె. అది కరెంటును సెకనుకు వేల సార్లు తుంచి పంపుతుంది. ఆ తీగ రేడియో ఏరియల్‌లా పనిచేసి పక్కనున్న సన్నని సంకేత తీగల్లోకి రొద చొప్పిస్తుంది. స్పిండిల్‌కు షీల్డ్ ఉన్న కేబుల్ వేయడం, ఆ షీల్డును వీఎఫ్‌డీ వద్ద ఎర్త్‌కు కలపడం, సంకేత తీగలను దానికి దూరంగా తీసుకుపోవడం, పొట్టి యూఎస్‌బీ తీగ వాడటం దీనికి విరుగుడు. పొట్టు లాగే ప్లాస్టిక్ గొట్టంలో పుట్టే స్థిర విద్యుత్తు కూడా ఇదే అల్లరి చేస్తుంది. గొట్టం వెంట ఒక రాగి తీగ నడిపి ఎర్త్‌కు కలపాలి.

అయితే షెడ్డులో ఎర్త్ ఉంటే కదా! న్యూట్రల్ తీగనే ఎర్త్‌గా కలిపి చేతులు దులుపుకునే పనివాళ్లకు కొదవ లేదు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే యంత్రం ఇనుప చట్రానికే విద్యుత్తు పారుతుంది. ఇది యంత్రం సమస్య కాదు, ప్రాణం సమస్య. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్త్ గుంత తవ్వించి, వేసవిలో నీళ్లు పోయడం యంత్రం ధర ముందు లెక్కలోకి రాని ఖర్చు. ఈ పని అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

వీఎఫ్‌డీ మూత తీసే ముందు మరో జాగ్రత్త. కరెంటు ఆపినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. కనీసం పది నిమిషాలు ఆగి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. దాని అమరికలను తెలియక చెరిపేయడం మరో పెద్ద నష్టానికి మూలం. నిమిషానికి 24 వేల చుట్లు తిరిగే స్పిండిల్‌కు 400 హెర్ట్జ్ అమరిక కావాలి. దాన్ని ఇంటి మోటారులా 50కి పెడితే తీగచుట్ట కాలిపోతుంది. నీటితో చల్లబడే స్పిండిల్‌కు పంపు ఆగినా అదే గతి.

పాత కంప్యూటరే దిక్కు

కొన్ని షెడ్లలో యంత్రం బాగానే ఉంటుంది, కంప్యూటరు మూలుగుతుంటుంది. మ్యాక్3 అనే సాఫ్ట్‌వేరును ప్యారలల్ పోర్టుతో నడపాలంటే 32 బిట్ల పాత విండోస్ తప్పదు. కొత్త కంప్యూటరు కొని తెచ్చి, పోర్టు పనిచేయక తలపట్టుకునేది ఇందుకే. అమరికల ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచుకోకపోతే, హార్డ్ డిస్క్ పోయిన రోజున ఆ 320 అంకె దగ్గర నుంచి అన్నీ మళ్లీ వెతుక్కోవాలి.

శిక్షణలో చోటేదీ?

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15 వేలు, రెండు విడతల్లో రూ.3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇందులో ఉన్నాయి. రుణం యంత్రం దాకా తీసుకెళ్లగలదు. యంత్రం ఆగిన రోజున ఏం చేయాలో నేర్పే గంట కూడా శిక్షణలో ఉండాలి. ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్, వడ్రంగం కోర్సులు పక్కపక్కనే నడుస్తున్నా, ఈ యంత్రం రెండింటికీ నడుమ అనాథగా నిలిచింది. ఒకరు తీగలు చూస్తారు, మరొకరు చెక్క చూస్తారు. రెండూ చూసే కుర్రవాడికి జిల్లాలో ఉపాధి వెతుక్కోవలసిన పని ఉండదు.

అంతవరకు కొనేవారే గట్టిగా అడగాలి. తీగల పటం, వీఎఫ్‌డీ అమరికల జాబితా, సాఫ్ట్‌వేరు అమరికల నకలు.. ఈ మూడూ చేతికి అందాకే చివరి వాయిదా సొమ్ము చెల్లించడం మేలు.