గెలిచిన జట్ల కథ – మన యింటి మాట



క్రిందటి నెల వడియములను గూర్చియు, వేసవి నిలువలను గూర్చియు వ్రాసితిని. ఈ నెల బంతియాటను గూర్చి వ్రాయుచున్నందులకు నవ్వకుడు. మా యింట జరిగిన యొక చిన్న వివాదమే దీనికి కారణము.

మా అమ్మాయి యెనిమిదవ తరగతి చదువుచున్నది. బడి విడిచిన పిమ్మట గంటసేపు బ్యాడ్మింటను నేర్చుకొందునని యొకనాడు నన్నడిగెను. దీపములు పెట్టువేళకు ఆడపిల్ల యింటనుండవలెనని నేనంటిని. "బ్యాటు పట్టిన చేయి రేపు గరిటె పట్టునా?" యని మా అత్తగారు నొక మాట కలిపిరి. పిల్ల యేడువలేదు, ఎదురాడలేదు. "అన్నయ్య ఆడుకొని యెనిమిది గంటలకు వచ్చినపుడు నీవు వానికి అన్నము వేడిచేసి పెట్టితివి గదమ్మా!" అని మాత్రము పలికి లోనికి బోయెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను.

మావారు బడిపంతులు. సంగతి యంతయు విని, "గౌతమి దాటినచో అమలాపురమే గదా! ఆ యూరి పిల్లవాడున్న జట్టు కథ తెలిసికొని, ఆపైన నీ తీర్పు చెప్పుము" అనిరి. నేను తెలిసికొన్నదానిని మీకును చెప్పుచున్నాను.

మన పల్లెబడులలో ఉన్నిబంతితో ఐదుగురేసి కలిసి యాడు బాల్ బ్యాడ్మింటను మీరు చూచియే యుందురు. నేను చెప్పునది ఈకల బంతితో నాడునది. ఆ బంతిని షటిల్ అందురు. 16 ఈకలను బెండునకు గ్రుచ్చి చేసిన ఆ వస్తువు అరతులమైనను తూగదు. ఇది కేవలము పరదేశపు టాట యని త్రోసివేయుటకును వీలులేదు. 1870 తరువాతి యేండ్లలో మన పుణె నగరమందలి ఆంగ్ల సైనికోద్యోగుల నడుమనే దీని తొలి నియమములు కొన్ని యేర్పడెను.

ఈ యాటలో పురుషుల జట్లకు లోకమునందెల్ల గొప్ప బహుమానము థామస్ కప్పు. 1949లో మొదటి పోటీ ముగిసినది. రెండు దేశముల జట్లు తలపడినపుడు ఐదాటలు నిర్ణయింతురు. మూడు ఒంటరి యాటలు, రెండు జంట యాటలు. మూడు గెలిచినవారిదే జయము. అందువలన ఎంతటి వీరుడైనను ఒక్కడే జట్టును గట్టెక్కింపజాలడు. మన దేశము 1952, 1955, 1979 సంవత్సరములలో తుదిమెట్టునకు చేరువదాక పోయి తిరిగివచ్చెను. 73 ఏండ్లలో ఒక్కమాఱైనను తుదిపోటీ ముఖము చూచి యెఱుగదు.

2022 మే నెలలో బ్యాంకాకు నగరమున మనవారు మొదట మలేషియాను 3-2గా దాటిరి. పిమ్మట డెన్మార్కుతో పోటీ. అదియు 2-2గా నిలిచెను. కడపటి యాట కేరళ యువకుడు ప్రణయ్ మీద బడెను. ఆట నడుమ కాలు జాఱి మడమ బెణికినను, మొదటి భాగము పోగొట్టుకొన్నను, ఆతడు నిలిచి గెలిచెను. తుదిపోటీలో ఎదుటనున్నది ఇండోనేషియా. అప్పటికే 14 మాఱులు ఆ కప్పును గెలిచిన జట్టు! మే 15వ తేదీన లక్ష్యసేను మొదటి యాట గెలిచెను. రెండవది జంట యాట. అందు మన అమలాపురపు బిడ్డ రంకిరెడ్డి సాత్త్విక్ సాయిరాజు, ముంబయి బిడ్డ చిరాగ్ శెట్టి. మొదటి భాగము పోయెను. రెండవ భాగమున ఎదుటివారు ఒక్క పాయింటు గెలిచినచో ఆట ముగియు స్థితి నాలుగు మాఱులు వచ్చెను. నాలుగు మాఱులును వీరు తప్పించుకొని 18-21, 23-21, 21-19గా గెలిచిరి. మూడవ యాటను గుంటూరు వాస్తవ్యుడు కిడాంబి శ్రీకాంతు గెలిచి కప్పును మన దేశమునకు తెచ్చెను. ఆ పోటీలన్నిటిలో ఆతడాడిన ఆఱాటలలో ఒక్కటియు నోడలేదు. ఆ కప్పును గెలిచిన ఆఱవ దేశము మనది.

ఇక సాత్త్విక్ మాట. ఆతడు 2000 ఆగస్టు 13న అమలాపురమున జన్మించెను. తండ్రి వ్యాయామోపాధ్యాయులు. 2014లో హైదరాబాదునందలి పుల్లెల గోపీచందు శిక్షణాలయమున చేరెను. అప్పటికి వానికి సుమారు పదునాలుగేండ్లు. ఆ వయసు పిల్లవానిని దూరదేశమునకు పంపి, ఆ రాత్రి వాని పీట ఖాళీగా నుండగా వడ్డించుకొనుట యెట్టిదో తల్లులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

2016లో మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హర్ సాత్త్విక్ నుచిరాగునుజంటగా గూర్చెను. మొదట వారికిది నచ్చలేదు. ఏలయన ఇద్దఱును వెనుక నిలిచి బలముగా కొట్టువారే. వలచెంత నిలిచి మెల్లగా సర్దువాడెవడు? ఒకే పొయ్యికడ ఇద్దఱు తోడికోడండ్రు నిలిచినట్లుండెను. ఇద్దఱును పోపు పెట్టుదుమనువారే, కూర తఱుగువారు లేరు! క్రమక్రమముగా ఇద్దఱును రెండు పనులును నేర్చుకొనిరి. మలేషియా జంట ఆరన్ చియా, సో వూయిక్ వీరిని వరుసగా ఎనిమిది మాఱులు ఓడించెను. తొమ్మిదవమాఱు, 2023 జూనులో, జకార్తాలో ఇండోనేషియా ఓపెను తుదిపోటీయందు వీరే గెలిచిరి. ఎనిమిది మాఱులు ఓడి తొమ్మిదవమాఱు నవ్వుచు బరిలోనికి దిగుట నాకు కప్పుకంటె గొప్పగా దోచినది.

ఆ 2023 ఏప్రిలు 14న జపానులో జరిపిన పరీక్షలో సాత్త్విక్ కొట్టిన షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగమున బ్యాటును విడిచెను. అంతకు పూర్వము పదేండ్లుగా నిలిచిన రికార్డు 493. అదే అక్టోబరులో హాంగ్జౌ ఆసియా క్రీడలలో బ్యాడ్మింటనున మన దేశమునకు మొట్టమొదటి స్వర్ణపతకమును ఈ జంటయే తెచ్చెను. ఆ వెంటనే ప్రపంచమున మొదటి స్థానము నందెను. 2024 పారిస్ ఒలింపిక్సులో మాత్రము పతకము చేజాఱెను. ఓడించినవారు మరల ఆ చియా, సో జంటయే! 2025 ఫిబ్రవరిలో సాత్త్విక్ తండ్రి పరమపదించిరి. బడిపంతులు తన కొడుకును లోకమున నిలిపి తాను తరలిపోయెనని చదివినపుడు, బడిపంతులు ఇల్లాలినైన నా కన్నులు చెమర్చినవి.

ఇంతవఱకు విన్న మా అత్తగారు, "అందఱును మగపిల్లలే గదే!" అనిరి. న్యాయమైన ప్రశ్నయే. అందుచేత రెండవ జట్టు కథ చెప్పితిని.

2024 ఫిబ్రవరిలో మలేషియా దేశమున ఆసియా జట్ల పోటీ జరిగెను. అంతకు మునుపు మన స్త్రీల జట్టు అందు తుదిపోటీకి చేరియుండలేదు. ఈ మాఱు జట్టునకు పెద్దదిక్కు మన పి.వి.సింధు. ఆమె తల్లిదండ్రు లిరువురును వాలీబాలు క్రీడాకారులు. జంట యాటలో ట్రీసా జాలీకి తోడు గాయత్రి. ఈమె గోపీచందుగారి కుమార్తె. ఈమె తల్లి పి.వి.వి.లక్ష్మిగారు 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఆడిన వనిత. జట్టులో మఱియొక బాలిక హరియాణాకు చెందిన 17 ఏండ్ల అన్మోల్ ఖర్బ్. అప్పటికి ఆమె ప్రపంచపు పట్టికలో 472వది. చైనాతోను, జపానుతోను, తుదకు థాయిలాండుతోను పోటీ 2-2గా నిలిచినపుడు మూడుమాఱులును భారము ఆ చిన్నపిల్ల భుజములపై బడెను. మూడుమాఱులును గెలిచి జట్టునకు తొలి స్వర్ణపతకము నిచ్చెను. ఎవరును పేరెఱుగని పిల్లను నమ్మి కడపటి యాట నప్పగించిరి. నమ్మినందుననే గదా ఆ పిల్ల గెలిచినది!

మా అత్తగారు సులభముగా లొంగువారు కారు. "ఆడపిల్ల నలుగురిలో బంతులాడుట మన పెద్దలెఱుగుదురా?" అనిరి. అప్పుడు చిన్నతనమున మా తండ్రిగారు చదివించిన దశకుమారచరిత్రము నాకు జ్ఞప్తికి వచ్చెను. దండి సంస్కృతమున వ్రాయగా 13వ శతాబ్దమున కేతన తెనుగు చేసిన కథ యది. అందు సుహ్మదేశపు రాజపుత్రి కందుకావతి నెలనెల కృత్తికానక్షత్రమునాడు పురజనులు చూచుచుండగా బంతియాడి దేవి నారాధించును. దాని పేరే కందుకోత్సవము. ఆ కథ వినిపించితిని. అత్తగారు కొంతసేపు మిన్నకుండి, "అయినచో చీకటిపడకుండ తీసికొనివచ్చు పూచీ యెవరిది?" అనిరి. అది ఒప్పుకోలే గదా!

సోదరీమణులారా, తప్పు నాదేనని యొప్పుకొనుచున్నాను. కొడుకు చెమటతో వచ్చిన మజ్జిగ కలిపి యిచ్చితిని. కూతురు అదే కోరిన పొద్దు చూపితిని. అందఱు పిల్లలును సింధులు కారు. మా పిల్లయు కాకపోవచ్చును. కాని ఆటలో నేర్చునవి కప్పులు మాత్రమేనా? తోడివారితో సర్దుకొనుట, ఓడినను మరునాడు మరల పోవుట, నాలుగుమాఱులు మునిగిపోవుచున్నను చేయి విడువకుండుట, ఇవి రేపు సంసారమున నక్కఱకు రావా?

మా యింట కుదిరిన యేర్పాటిది. పిల్ల బడి విడిచిన పిమ్మట గంటసేపు ఆడును. ఆటకు మునుపు అరటిపండో, వేరుసెనగ ఉండయో తిని మంచినీళ్లు త్రాగును. మొదట కావలసినవి పాదమునకు సరిపోవు బూట్లు. ఖరీదైన బ్యాటు తరువాత కొనవచ్చును. మావారు బడినుండి వచ్చునపుడు వెంటబెట్టుకొనివత్తురు. సాయంకాలపు కూర అన్నయ్య తఱుగును! ఈ చివరి షరతు మా అమ్మాయిదే.

మీ పిల్లలలో ఎవరైన ఇట్టి కోరిక యడిగినచో, కాదనుటకు ముందు ఒక్కమాఱు ఆలోచింపుడు. మీ యింట ఏమి జరిగెనో నాకు వ్రాయుడు. వచ్చు నెల మరల కలిసికొందము.