చాదర్ ఎంతో కాళ్లంత, ఫ్రేము ఎంతో టైరంత

దుబాయ్ నుంచి మామూ పంపిన పైసలతోనో, హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌గానో, ఇప్పుడు రోడ్డు బైకులు మన ఇళ్లల్లోకి వస్తున్నాయి. వంగిన హ్యాండిలు, సన్నటి టైర్లు, చక్రం మధ్యలో పళ్లెంలాంటి డిస్కు బ్రేకు. వచ్చిన నెలకే ఇంట్లో బహస్ మొదలవుతుంది. "ఈ సన్న చక్రాలతో కాలువ కట్ట మీద పోతే నడుము ఇరుగుతది, అమ్మేసి స్కూటీ కొందాం" అని అబ్బా. "సన్నగా ఉంటేనే రఫ్తార్, మీకేం తెలుసు" అని బేటా. అమ్మీకి మాత్రం ఒకటే ఫిక్ర్: పిల్లోడు పడకుండా ఇంటికి రావాలె.

నా రాయ్ తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ నచ్చదు. బండి అమ్మొద్దు. అలాగని ఉన్న టైరు మీదే జిద్దు చెయ్యొద్దు. ఫ్రేములో ఎంత జాగా ఉందో కొలవండి, పట్టినంత వెడల్పు టైరు వేయండి, అక్కడ ఆగండి.

మన దారులు ఎలాంటివో ముందు ఒప్పుకుందాం. మిర్యాలగూడ నుంచి నిడమనూరు మీదుగా హాలియా వైపు పొండి. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఇది. దుక్కుల కాలంలో ట్రాక్టర్ల కేజ్ వీల్స్ రోడ్డును గీరేస్తాయి, బురద వదిలిపోతాయి. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. సైకిలు వాడు పక్కకు దిగాల్సిందే. పక్కన ఏముంది? కంకర, సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. అలాంటి నున్నటి దారికి 25 మిల్లీమీటర్ల టైరు సరిపోతుందేమో గానీ, వడ్ల మీద నుంచి కంకరలోకి దిగే దారికి సరిపోదు.

సన్నగా ఉంటేనే వేగం అన్నది పాత ఖయాల్. టైరులో గాలే స్ప్రింగు. సన్న టైరులో గాలి తక్కువ పడుతుంది కాబట్టి దాన్ని బాగా గట్టిగా కొట్టాలి. లేకపోతే గుంత తగలగానే రిమ్ము ట్యూబును నొక్కేసి, పాము కరిచినట్టు పక్కపక్కన రెండు రంధ్రాలు చేస్తుంది. గట్టిగా కొట్టిన టైరు గరుకు రోడ్డు మీద దొర్లదు, ఎగురుతుంది. ఎగిరిన ప్రతిసారీ కాళ్ల తాకత్ కొంత ముందుకు పోకుండా ఒంట్లో కంపనంగా ఇంకిపోతుంది. వెడల్పు టైరును తక్కువ గాలితో నడపవచ్చు. అది రాయిని దిగమింగి ముందుకు పోతుంది. ఫ్రాన్స్‌లో పారిస్–రూబే అనే రేసు ఉంది. అందులో దాదాపు 55 కిలోమీటర్లు రాళ్లు పరిచిన పాత దారులే. దునియాలో అందరికంటే వేగంగా తొక్కేవాళ్లు అక్కడ ఇప్పుడు 30, 32 మిల్లీమీటర్ల టైర్లు వేసుకుంటున్నారు. రఫ్తార్ గురించి వాళ్లకంటే మన పిల్లలకు ఎక్కువ తెలుసా?

పెద్దలకు కూడా ఒక మాట. అబ్బాల జమానా సైకిలు టైరు మీద 28 బై ఒకటిన్నర అని ఉండేది. అంటే దాదాపు 40 మిల్లీమీటర్ల వెడల్పు. వెనక క్యారియర్ మీద బస్తా, ముందు రాడ్డు మీద పిల్లోడు, అన్నీ మోసింది ఆ టైరే. కాబట్టి వెడల్పు టైరు కొత్త ఫ్యాషనేమీ కాదు, మన దారులు ఎప్పుడో చెప్పిన సబక్.

డిస్కు బ్రేకు ఇక్కడే పనికొస్తుంది. పాత రోడ్డు బైకుల్లో బ్రేకు రిమ్మును రెండు వైపులా పట్టుకునేది. టైరు ఆ చిమటా మధ్యలో పట్టాలి, అందుకే చాలా బండ్లలో 25, మహా అయితే 28 దగ్గర కథ ఖతం. డిస్కు బ్రేకు ఇరుసు దగ్గర ఉంటుంది, టైరుకు అడ్డం రాదు. 2018లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ రోడ్డు రేసుల్లో డిస్కుకు పూర్తి ఇజాజత్ ఇచ్చాక కంపెనీలు ఫ్రేములను కూడా వెడల్పు చేస్తూ వచ్చాయి. కానీ డిస్కు ఉంది కదా అని ఏ టైరైనా పడుతుందనుకోవద్దు. బ్రేకు అడ్డం తొలగింది గానీ ఫ్రేము గొట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కొలవడం కష్టమేమీ కాదు. నాలుగు చోట్ల చూడండి: పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రానికి పోయే రెండు చైన్‌స్టేల మధ్య, సీటు కింద నుంచి దిగే గొట్టాల మధ్య, వెనక టైరుకూ సీటు గొట్టానికీ నడుమ, ముందు ఫోర్కు లోపల పైనా పక్కలా. స్కేలు దూరని చోట 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పెట్టి చూడండి. టైరు ఎక్కించి గాలి కొట్టాక కూడా అది చుట్టూ సులువుగా తిరగాలి. 28 తీసి 32 వేస్తే పక్కల రెండేసి, పైన దాదాపు నాలుగు మిల్లీమీటర్ల జాగా పోతుంది. అంటే ఇవాళ పక్కల ఆరు, పైన ఎనిమిది ఉంటేనే 32 ఆలోచన. టైరు మీద రాసిన నంబరును కళ్లు మూసుకుని నమ్మొద్దు. రిమ్ము లోపలి వెడల్పు ఎక్కువైతే అదే టైరు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. ఎక్కించిన మర్నాడు మళ్లీ కొలవండి. కంపెనీ ఈ ఫ్రేముకు ఇంతే అని రాసి ఉంటే ఆ హద్దు దాటొద్దు.

ఆ నాలుగు మిల్లీమీటర్లు ఎందుకు? నిలబడి తొక్కితే చక్రం పక్కకు ఊగుతుంది. రేగడి అంటుకుంటుంది, టైరు గాడిలో కంకర రాయి ఇరుక్కుంటుంది. ఖాళీ లేకపోతే ఆ రాయి కార్బన్ ఫ్రేమును రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. ముందు ఫోర్కులో ఇరుక్కుంటే చక్రం ఒక్కసారిగా ఆగి, పిల్లోడు తలకిందులుగా పడతాడు. కొందరు కుర్రాళ్లు టైరు పట్టలేదని ఫ్రేము లోపల ఆకురాయితో రాకుతామంటారు. ఖబర్దార్, అది టైరు సమస్య కాదు, జాన్ సమస్య.

దుకాణంలో ఇంకో ధోకా ఉంది, ఎవరి తప్పూ లేకుండా జరిగేది. మన దగ్గర "28 టైరు" అంటే పాత సైకిలు 28 అంగుళాల టైరు. రోడ్డు బైకు మీద 700 బై 28 అంటే 28 మిల్లీమీటర్ల వెడల్పు. పాతదాని రిమ్ము కొలత 635, దీనిది 622. ఒకదానిది ఒకదానికి పట్టదు. టైరు పక్కన 32–622 లాంటి అంకెలు ఉంటాయి, అవి చూపించి అడగండి. 29 అంగుళాల మౌంటెన్ బైకు టైరుది కూడా 622 కొలతే. రిమ్ము మీద కూర్చుంటుంది గానీ ఫ్రేములో పట్టదు.

గాలి సంగతి కూడా. వెడల్పు టైరు వేసి పాత అలవాటున 100 పీఎస్‌ఐ కొట్టిస్తే ఫాయిదా అంతా గాలిలో కలిసినట్టే. 70 కిలోల మనిషికి 32 టైరులో ముందు 50–55, వెనక 55–60 దగ్గర మొదలుపెట్టి, రోడ్డును బట్టి సవరించుకోవచ్చు.

32 పట్టకపోతే? 30 చూడండి. అదీ లేకపోతే ముందు చక్రానికి మాత్రం వెడల్పుది వేయండి, ఫోర్కులో తరచూ జాగా ఎక్కువ ఉంటుంది, చేతులకు ఆరామ్ దొరుకుతుంది. రోజూ మట్టి కట్ట మీదే తిరిగేవాడికి 40 కావాలంటే అప్పుడు గ్రావెల్ బైకు మాట నిజమే. మిగతావాళ్లకు రెండు టైర్ల ఖర్చుతో పోయేదానికి కొత్త బండి కొనడం ఇస్రాఫ్. ఇంట్లో ఫీజులు కట్టాల్సిన నెలలో అది చిన్న మాట కాదు.

చివరి మాట మన ఉస్తాదులకు. "పంక్చర్‌వాలా" అని మనవాళ్లను ఎగతాళి చేసే నోళ్లు ఉన్నాయి. టైరు తెలిసిన చెయ్యి ఎంత విలువైనదో వాళ్లకు తెలియదు. ఇప్పుడు వస్తున్న ఈ బండ్లకు కొంచెం కొత్త హునర్ కావాలి: ఫ్రెంచి వాల్వుకు అడాప్టర్, డిస్కును జిడ్డు చేతులతో తాకకపోవడం, చక్రం తీసి ఉండగా హైడ్రాలిక్ బ్రేకు నొక్కకపోవడం, జేబులో 4 మిల్లీమీటర్ల అలెన్ కీ. ఇది నేర్చుకున్న ఉస్తాద్ దగ్గరికి పొరుగు మండలం పిల్లలు కూడా వెతుక్కుంటూ వస్తారు, ఇన్‌షా అల్లాహ్.

రోడ్డు బైకు కొనబోయే ఇంటివారు రంగు, గేర్ల లెక్క కంటే ముందు ఒక సవాల్ అడగండి: "దీంట్లో ఎంత వెడల్పు టైరు పడుతుంది?" జవాబు 32 కంటే తక్కువైతే, నిడమనూరు దారికి అది మన బండి కాదు.