ఆటలో పట్టువిడుపులు

గత మాసమున నెల్లూరు సముద్రతీరమందలి యొక పల్లెకు బోయినపుడు, అచటి బాలికలు పొరుగూరి బాలికలతో బాస్కెట్‌బాలు ఆడుచుండగా చూచితిమి. పదియడుగుల యెత్తున నమర్చిన యినుపకమ్మిలోనికి బంతిని వేయుటయే యీ యాట, పక్షమున కైదుగురు. ఇది మగపిల్లల యాట యను తల్లులు కొందఱు కలరు. 1891లో జేమ్సు నైస్మిత్తు దీనిని కల్పించిన మరుసటి యేడే, సెండా బెరెన్సను అమెరికాలోని స్మిత్తు కళాశాలలో బాలికలకు నేర్పినదని వారు తెలిసికొందురు గాక.

ఆ పల్లెలో నేల యంతయు నిసుక. బంతిని నేలకు గొట్టుచు పరుగెత్తుట యీ యాటలో ముఖ్యమైన విద్య; ఇసుకలో బంతి పైకి లేవదు. శిక్షకురాలు పట్టణమున తాను నేర్చిన విధమునే చేయింపబూనెను. బంతి పిల్లల కాళ్లకడనే చతికిలబడుచుండెను. పైగా సముద్రపుగాలి, దూరమునుండి విసరిన బంతిని ప్రక్కకు నెట్టుచుండెను. తప్పు పిల్లలదే యని యామె కేకలు వేసెను. పొట్టిదగు నొక బాలిక కన్నీరు దిగమ్రింగుకొనుచు, రేపటినుండి రానని తోడిపిల్లతో చెప్పుట మా చెవిని బడెను.

విరామమున శిక్షకురాలు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట నిసుకలో గీతలు గీచి, బంతిని నేల దాకనీయక చేతినుండి చేతికి అందించుకొనుడనియు, బుట్ట చెంతకు బోయిగాని వేయవలదనియు చెప్పెను. సందులలో దూరగల యా పొట్టిబాలికను నడుమ నిలిపెను. అయినను వా రోడిరి. రెండే పాయింట్ల తేడా.

చెల్లెండ్రారా, క్రొత్తబియ్యమునకును పాతబియ్యమునకును ఒకే యెసరు పెట్టు నిల్లాలు మొలగొలుకులనైనను జావ చేయును గదా!

అమెరికాలో జాన్ వుడెన్ అను శిక్షకుడుండెను. 1964లో లాస్ ఏంజిలిస్ నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టును కళాశాలల పోటీలో గెలిపించినపుడు, అతడు మొదట బరిలో దింపు నైదుగురిలో ఆరడుగుల అయిదంగుళములు మించినవాడు లేడు. ఎత్తు లేనందున వేగమును నమ్ముకొని, ఎదుటివారిని బరి పొడవునను ముట్టడింప నేర్పెను. ఆ యేడు ఆడిన 30 ఆటలును వారివే. 1967 నాటికి ఏడడుగులు దాటిన ల్యూ ఆల్సిండర్ జట్టున చేరియుండెను. తరువాత కరీం అబ్దుల్ జబ్బార్ అని పేరొందినవా డితడే. వుడెన్ జయము తెచ్చిన పాత వ్యూహమును వెనుకకు నెట్టి, బుట్ట చెంత నీతని చేతికి బంతి నందించు వ్యూహము పన్నెను. 1969 వఱకు మూడేండ్లును విజయమే.

అట్లని గడియ కొక వ్యూహము మార్చువాడు పిల్లలను తికమకపెట్టును. వుడెన్ మేజోళ్లు ముడుతలు లేకుండ తొడుగుకొనుటతోనే యేటేట శిక్షణ నారంభించెడివాడు. అది మాత్ర మెవ్వరికిని సడలింపలేదు. మన పల్లెపిల్లలకు మేజోళ్లే లేవు, అది వేఱుమాట.

మరునాటి యుదయమున మేము బండి యెక్కుచుండగా, ఆ పొట్టిబాలిక యందఱికంటె ముందు వచ్చి, గాలికి చెరగిన గీతలను ఇసుకలో మరల గీయుచుండెను.