చూపరి సంతోషము

"ఆడువా రాడుచుండగా చూచువానికి వచ్చునదేమి?" అను ప్రశ్న పాఠశాలలలో తరచుగా వినబడును. సోమవారము ఉదయమున కన్నులు ఎఱ్ఱగా చేసికొని తరగతిలో తూగుచున్న విద్యార్థిని చూచి ఉపాధ్యాయు డీ ప్రశ్న వేయుట సహజమే. రాత్రి పొద్దుపోవు వఱకు క్రికెట్టు చూచితినని కుఱ్ఱవాడు చెప్పును. నిద్ర పోయినది, పాఠము పోయినది. ఆడినవారి కీర్తిలో వీనికి పాలు లేదు. కనుక ఆట చూచుట కాలహరణ మని పెద్దలు తీర్పు చెప్పుదురు. ఈ తీర్పులో సగము నిజమున్నది. తక్కిన సగమును గూర్చి కొంత ఆలోచింపవలసి యున్నది.

2025 అక్టోబరు 12వ తేదీ ఆదివారము. విజయనగరములో పైడితల్లి సిరిమాను తిరిగి ఐదు దినములైనది. ఆ ఉదయమున చీపురుపల్లి స్టేషనులో విశాఖపట్నము పోవు బండికై నిలిచియున్న ఒక అభిమానిని ఊహింపుడు. అతడు ఉన్నత పాఠశాల విద్యార్థి కావచ్చును. ఆ విద్యార్థికి లెక్కలు చెప్పు మాస్టరే కావచ్చును. సంచిలో ఇంటినుండి తెచ్చుకొన్న పులిహోర పొట్లమున్నది. మధ్యాహ్నము మూడు గంటలకు మధురవాడ క్రీడాంగణములో మహిళల ప్రపంచ కప్పు పోటీలలో భారతదేశమునకును ఆస్ట్రేలియాకును ఆట.

ఆ క్రీడాంగణము అతనికి క్రొత్తది కాదు. 2005 ఏప్రిల్ 5వ తేదీన పాకిస్తానుపై ధోనీ 123 బంతులలో 148 పరుగులు చేసినది అక్కడనే. ఆనాడు చూచినవా రిప్పటికిని ఆ కథ చెప్పుదురు. ఈనాటి విశేషము వేఱు. అచ్చట ఒక ప్రేక్షకశాలకు మిథాలీ రాజ్ పేరు, ఒక ద్వారమునకు ఆంధ్ర దేశపు వికెట్ కీపరు రావి కల్పన పేరు పెట్టిన దినమది. ఆడపిల్లల ఆట చూచుటకు బండి యెక్కి పోవుట ఒక తరము వెనుక ఈ ప్రాంతమున ఎవరికిని తోచియుండదు.

ఆట ఆరంభమైనది. స్మృతి మంధాన, ప్రతీకా రావల్ మొదటి వికెట్టునకు 155 పరుగులు చేర్చిరి. మంధాన 80, రావల్ 75. నాలుగు వందలకు చేరునేమో యని ఆశపడుచుండగా తుదిలో వికెట్లు వరుసగా కూలెను. అనబెల్ సదర్లాండ్ 40 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీసికొన్నది. అయినను 330 పరుగులు. మహిళల అంతర్జాతీయ ఒక దినపు ఆటలలో అంత లక్ష్యమును అంతకు ముందెవ్వరును ఛేదింపలేదు. అభిమాని తృప్తిగా పులిహోర పొట్లము విప్పెను.

పిమ్మట అలీసా హీలీ వచ్చినది. 107 బంతులలో 142 పరుగులు. కడప జిల్లా పిల్ల శ్రీచరణి పది ఓవర్లు వేసి 41 పరుగులకు మూడు వికెట్లు తీసికొన్నది. ఆమె చేతికి బంతి వచ్చినప్పుడెల్ల అభిమాని మోకాళ్ళపై చేతులాన్చి ముందుకు వంగెను. అయినను ఆట ఆగలేదు. ఇంకొక ఓవరు మిగిలియుండగనే ఆస్ట్రేలియా ఏడు వికెట్లకు 331 పరుగులు చేసి గెలిచినది.

అభిమాని చీపురుపల్లికి రిక్తహస్తములతో తిరిగి వచ్చెనా? ప్రశ్న యంతయు ఇక్కడ నున్నది. గెలుపే సంతోష మనువాడు "ఔను, డబ్బు దండుగ" యనును. కాని ఆ రాత్రి క్రీడాంగణము విడిచివచ్చినవాని మనస్సులో నిలిచినది ఓటమి యొక్కటే కాదు. ఎవ్వరును చేయని పని కన్నుల యెదుట జరుగుట అతడు చూచెను. హీలీ ఏ బంతిని విడిచినది, ఏ బంతిని శిక్షించినది, ఫీల్డరులను జరిపినకొలది ఖాళీయైన చోటు నెట్లు వెదకినది, ఇవన్నియు అతడు గమనించెను. కొంతసేపటికి తనకు తెలియకయే అతని చేతులు చప్పట్లు కొట్టెను. శత్రుపక్షమని తలచినవారికి చప్పట్లు! ఆ చప్పట్ల కొఱకే ఆట చూడవలెను. తనకు లాభము లేని చోట, తనకు నష్టము కలిగించు చోటను, గొప్పదనమును గొప్పదన మని ఒప్పుకొను గుణము పుస్తకము చదివినంతనే రాదు.

ఈ గుణము ఉత్తరాంధ్ర ప్రజలకు క్రొత్తది కాదు. అమ్మవారి జాతరలలో తప్పెటగుళ్ళు చూచినవారికి ఇది తెలియును. రొమ్మున తప్పెట కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని రెండు జట్లు పంతమునకు ఆడునప్పుడు, తమ ఊరి జట్టు వెనుకబడినను పొరుగూరి వాని అడుగు బాగున్నచో ముసలివారు "భళీ" యనక మానరు. ఎందుచేత? ఆ అడుగు ఎంత కష్టమో వారికి తెలియును. తెలిసినవాని మెచ్చుకోలునకు ఊరి పొలిమేర అడ్డురాదు. కనకమహాలక్ష్మి జాతరకు పోవు చీపురుపల్లి పిల్లవానికి ఈ చూపు తాతలనాటి ఆస్తి. దానిని క్రికెట్టునకు కూడ తెచ్చుకొనుటయే మిగిలిన పని.

సముద్రముల కవతల కూడ ఇదే కథ. అమెరికాలో, జపానులో జనులు బేస్‌బాలను వెఱ్ఱిగా ప్రేమింతురు. అది క్రికెట్టునకు దాయాది వంటిది. ఒకడు బంతి విసరును. ఒకడు గుండ్రని బ్యాటుతో కొట్టును. కొట్టినవాడు మూడు మజిలీలు చుట్టి బయలుదేరిన చోటికి చేరినచో ఒక పరుగు. బంతి నేలను తాకకుండ నేరుగా వచ్చును. మూడు బంతులు తప్పినచో కొట్టువాడు వెడలిపోవలెను. 2023 మార్చిలో ఆ ఆటకు ప్రపంచ పోటీల తుది పందెము మయామీ నగరమున జపానుకును అమెరికాకును జరిగినది. అచ్చట అది 21వ తేదీ రాత్రి. మన గడియారముల ప్రకారము 22వ తేదీ ఉదయము, శోభకృతు నామ సంవత్సర ఉగాది. జపాను మూడు, అమెరికా రెండు పరుగుల మీద నుండగా ఆట చివరి మనిషి వద్దకు వచ్చెను. బంతి చేతబట్టినవాడు జపాను వీరుడు ఒహ్తానీ. ఎదుట బ్యాటు పట్టినవాడు అమెరికా నాయకుడు మైక్ ట్రౌట్. ఆ కాలమున వారిద్దఱును ఒకే అమెరికన్ జట్టులో జీతమునకు ఆడు సహచరులు! ట్రౌట్ బ్యాటు గాలిలో తిరిగినది, బంతి దానిని తప్పించుకొన్నది, జపాను గెలిచినది. అమెరికా పక్షమున చూచినవానికి విచారము కలుగక మానదు. కాని ఆ బంతిని చూడకుండ నుండుటకంటె చూచి విచారించుటయే మేలని ఆట తెలిసిన ప్రతివాడును చెప్పును.

చీపురుపల్లికి పొరుగుననే దీనికి మఱియొక పాఠ మున్నది. విజయనగర మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు, లోకము "విజ్జీ" యని పిలిచిన ఆయన, 1936లో ఇంగ్లండునకు పోయిన భారత జట్టునకు నాయకుడు. మూడు టెస్టులలో రెండు ఓడిరి. ఆయన స్వయముగా చేసినవి మొత్తము 33 పరుగులు. జట్టులోని మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టునకు ముందే ఇంటికి పంపివేసిన అపకీర్తియు ఆ పర్యటనదే. కాని అదే విజ్జీ 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహా క్రీడాకారులను ఈ దేశమునకు రప్పించి వేలకొలది జనులకు వారి ఆట చూపించెను. తరువాతి వయస్సులో రేడియో ముందు కూర్చుండి ఆటను వర్ణించెను. తానే నాయకుడు కావలెనని పట్టుబట్టినపుడు ఆట ఆయన చేతికి చిక్కలేదు. చూచి, ఇతరులకు చూపించినపుడు ఆయనవలన ఆటకు మేలు కలిగినది. ప్రేక్షకుని ప్రేమ తక్కువది కాదనుటకు ఇంతకంటె దగ్గఱి ఉదాహరణ మేల?

అట్లని చూపరులందఱును ధన్యులు కారు. పెద్దల తీర్పులోని సగము నిజ మిక్కడ నున్నది. సెల్‌ఫోనులో పందెము కాచి కూర్చున్నవానికి ఆట కనబడదు. అంకెలు మాత్రమే కనబడును. మంచి బంతికి వికెట్టు పడినపుడు వాడు ఆశ్చర్యపడడు, తన రూపాయలను లెక్కించుకొనును. తండ్రి కష్టార్జితము, తన చదువు, చివరకు ఇంటి పరువు కూడ ఆ అంకెల పాలగుచున్న యువకు లున్నారు. అటులనే, ఓడిన ఆటగాండ్రను మరునాడు బూతులు తిట్టువాడును ఆట చూచినవాడు కాడు. మొదటివాడు సంతోషమును అమ్ముకొనెను. రెండవవాడు దానిని విషము చేసికొనెను. ఆట చూడవద్దని నిషేధించుటవలన ఈ రోగములు కుదురవు. చూచుట నేర్పుటవలన కుదురవచ్చును.

ఆ పని ఉపాధ్యాయునిది. సోమవారము నాడు తూగుచున్న పిల్లవానిని "ఎవరు గెలిచిరి?" అని అడుగక, "నీవు చూచిన ఒక్క ఓవరును వర్ణింపుము" అని అడుగవలెను. ఆ వర్ణన వ్రాయించినచో తెలుగు పాఠము. ఏబది ఓవర్లలో 331 పరుగులకు ఓవరునకు ఎన్ని కావలెనో లెక్కింపించినచో గణితము. బంతి ఏల తిరిగినదో చెప్పించినచో విజ్ఞానశాస్త్రము. పిమ్మట సాయంకాల మొక గంట వానిని మైదానమునకు తోలవలెను. తానొక్క క్యాచి పట్టుటకు యత్నించి జాఱవిడిచినవాడు ఇతరుల క్యాచి జాఱినపుడు తిట్టడు. ఆ మైదానములో సగము బాలికల దని కూడ గుర్తుంచుకొనవలెను. చెట్టు క్రింద నిలిచి అన్నదమ్ముల ఆట చూచు పిల్లకు బంతి అందించువా రుండవలెను. కడప జిల్లా పల్లె నుండి శ్రీచరణి వచ్చినపుడు చీపురుపల్లి వీధుల నుండి మఱియొకతె రాగూడదా?

ఓడిన ఆట చూచివచ్చిన అభిమాని కథకు కొనసాగింపు కలదు. విశాఖలో ఆస్ట్రేలియా నెలకొల్పిన ఆ రికార్డు పదునెనిమిది దినములే నిలిచినది. అక్టోబరు 30న నవీ ముంబయిలో అదే ఆస్ట్రేలియా నిలిపిన 339 పరుగుల లక్ష్యమును భారత బాలికలు ఛేదించిరి. జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో చివరివఱకు నిలిచినది. నవంబరు 2న దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిరి. ఆ గెలుపునకు దేశమంతయు సంతోషించినది. కాని 331 ఎంత పెద్ద కొండయో, దాని నెక్కుట ఎంత కష్టమో ఆ ఆదివారము మధురవాడలో కన్నులార చూచినవానికి 339 విలువ మఱికొంత యెక్కువగా తెలిసియుండును. హీలీకి చప్పట్లు కొట్టిన చేతులే జెమీమాకును కొట్టెను. ఆ చప్పట్లు నేర్చిన పిల్లవాడు సోమవారము ఉదయమున కొంచెము తూగినను మాస్టరుగారు మన్నింపవచ్చును.