“ఉప్పు తగినంత” అంటే కుదరని చోటు

మన వంటల పుస్తకాల్లో ఏ కూర చూసినా “ఉప్పు తగినంత” అనే ఉంటుంది. ఆ తగినంత ఎంతో మన చేతికి తెలుసు. పులుసులో ఉప్పెక్కువైతే ఇంట్లో నలుగురూ నాలుగు మాటలంటారు, మనం కాసిని నీళ్లు పోసి సర్దేస్తాం. ఉప్పునీటి అక్వేరియంలో చేప మాత్రం నోరు తెరిచి చెప్పలేదు. అందుకే అక్కడ చేతి అంచనా పనికిరాదు, కొలిచి తీరాలంటాను నేను.

“ఫైండింగ్ నెమో” చూసిన పిల్లలు ఆ తెల్ల పట్టీల చేపే కావాలంటారు. అది సముద్రపు చేప. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఆ నీళ్లలో చేప ఒంట్లోని నీరు బయటికి పోతూనే ఉంటుంది. అది నీళ్లు తాగుతూ, ఎక్కువైన ఉప్పుని మొప్పల ద్వారా వదిలేస్తూ బతుకుతుంది. ఉప్పు ఒక్కసారిగా మారితే దాని ప్రాణం మీదికొస్తుంది.

ఎండాకాలం ఫ్యాను కింద తొట్టిలో నీళ్లు ఇట్టే తగ్గిపోతాయి. నీరు ఆవిరవుతుంది కానీ ఉప్పు ఆవిరి కాదు. 100 లీటర్లలో 5 లీటర్లు తగ్గితే 35 ఉన్నది దాదాపు 37 అవుతుంది. తగ్గినంత మేర మంచినీళ్లే పోయాలి, మళ్లీ ఉప్పునీళ్లు కాదు. మొదట్లో నీళ్లు కలిపేటప్పుడు కూడా వంటింటి ఉప్పు వద్దు. అక్వేరియం కోసమే అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం వాడాలి.

కొలవడానికి ఆర్వో నీళ్లు చూసే టీడీఎస్ పెన్ను చాలదు. చాలా పెన్నులు పది వేల లోపే ఆగిపోతాయి, సముద్రపు నీరేమో 35 వేల దగ్గరుంటుంది. చవకగా దొరికే ముల్లు హైడ్రోమీటర్ ఉంది కానీ ముల్లుకి గాలిబుడగ అంటుకుంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నా ఓటు రిఫ్రాక్టోమీటర్‌కే. భీమవరం వైపు రొయ్యల రైతులు చెరువు నీళ్లు చూసేది దీనితోనే. రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు పెట్టి చూడడమే. అప్పుడప్పుడూ 35 ఉప్పదనం ఉన్న ప్రామాణిక ద్రావణం చుక్క వేసి, గీత అక్కడికి వచ్చేలా స్క్రూ తిప్పి సరిచేసుకోవాలి.

ఇక అసలు సంగతి. ఈ కొలత ఎవరు చూడాలి? పిల్లల మోజు మూణ్ణాళ్ల ముచ్చట. ఆ తర్వాత కుక్కరు కూతల మధ్య అదీ అమ్మ పనుల్లో చేరిపోతుంది. అలా చేరనివ్వకండి. చేప కావాలన్నవాళ్లే వారానికి రెండుసార్లు కొలిచి, తేదీ వేసి నోటుబుక్కులో రాయాలి. నాన్నగారు పక్కన నిలబడి చూస్తే ఇంకా మంచిది. ఒక ప్రాణి బాధ్యత అంటే ఏమిటో పిల్లలకి ఉపన్యాసాల కంటే ఆ అంకెలే బాగా నేర్పుతాయి.

కొనేటప్పుడు ముందు కొలిచే సాధనం, ఆఖర్న చేప. ఆ పది నిమిషాలు ఇంట్లో ఎవరికీ తీరవంటే, ఆ చేపని తెచ్చుకోకపోవడమే దానికి మనం చేసే మేలు.