నాగలమడకకు నడక

పోయిన నెలలో ఒక సోదరి వద్ద నుంచి జాబు వచ్చింది. ఆమె పుట్టిల్లు పావగడ తాలూకాలో ఒక పల్లె. పావగడ నుంచి కాలినడకన పోయి నాగలమడక స్వామి తేరు చూస్తానని తల్లి ఎన్నడో మొక్కుకొన్నదట. సంసారం ఈదడంలో ఏళ్ళు గడచిపోయినవి. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నవి. "కారులో తీసుకొనిపోయి దర్శనం చేయిస్తే మొక్కు తీరినట్లేనా? అమ్మ మాత్రం ఒప్పుకోవడం లేదు, రాత్రిళ్ళు అదే దిగులు" అని ఆమె అడిగింది.

శాస్త్రం చెప్పడానికి నేను పండితుణ్ణి కాను. కాని ఆ క్షేత్రం కథలోనే దీనికి జవాబు ఉన్నదని నాకు తోస్తుంది.

కుక్కె ఆది సుబ్రహ్మణ్యం, ఘాటి మధ్య సుబ్రహ్మణ్యం, నాగలమడక అంత్య సుబ్రహ్మణ్యం అని కన్నడ సీమలోని మనవాళ్ళందరూ ఎరిగినదే. ఒక భక్తుడు ఏటేటా ఇక్కడినుంచి కుక్కెకు నడిచిపోయి తేరు చూసి వచ్చేవాడట. నడకంటే మాటలా? మెట్ట దాటి, మలెనాడు దాటి, పడమటి కనుమలు దిగాలి. ముసలితనం వచ్చి కాళ్ళు సాగనినాడు స్వామి కలలో కనిపించి, "నీవు రానక్కరలేదు, నేనే నీ ఊరికి వస్తాను, పెన్న ఒడ్డున వెదుకు" అన్నాడని స్థలపురాణం. మడక అంటే మన సీమ మాటలో నాగలి గదా. నాగలి చాలులో నాగప్రతిమ దొరికినందున ఆ పేరు వచ్చిందని కొందరంటారు. పేరు సంగతి ఎట్లున్నా, నడవలేని భక్తుని కోసం వెలసిన స్వామి, నడవలేని తల్లిని తప్పు పట్టునా?

అయితే కారెక్కించి గంటలో తిప్పి తెచ్చి "అయిపోయిందమ్మా" అంటే, ఆ తల్లికి తృప్తి ఉండదు. నేను చెప్పే ఉపాయం ఇది. పెద్దావిడను బస్సులో ముందుగా పంపి గుడి దగ్గర కూర్చోబెట్టండి. కొడుకులు, కూతుళ్ళు, మనవలు పావగడ నుంచి నడిచి రండి. ఆమె మొక్కును ఆమె ఎదురుగా మీ పాదాలు తీరుస్తాయి.

దూరం ఎంతో కాదు, సుమారు 14 కిలోమీటర్లు. పిల్లలతో నడిచినా నాలుగు గంటలు చాలు. కోస్తావారికి సుబ్బారాయుడి షష్ఠి మార్గశిరంలో వస్తుంది. నాగలమడక తేరు ఆ తరువాతి నెలలో, పుష్య శుద్ధ షష్ఠికి. చలికాలం కనుక నడకకు అనువు. తెల్లవారుజామునే బయలుదేరితే పావగడ కోట కొండ చాలాసేపు వెన్నంటి వస్తుంది. చెనక్కాయలు పెరికేసిన ఎర్రచేలు, అక్కడక్కడ బండరాళ్ళ గుట్టలు, వేపచెట్లు. బోర్డులన్నీ కన్నడంలో ఉంటవి, "యాడికి పోతాండారు?" అనే పలకరింపు మాత్రం తెలుగే. 1956లో రాష్ట్రాల సరిహద్దులు మళ్ళీ గీసినప్పుడు, మూడు వైపుల అనంతపురం నేల చుట్టుకొన్న ఈ తాలూకా మైసూరులోనే ఉండిపోయింది. నోటి మాట మాత్రం మారలేదు. పట్నంలో పుట్టిన మన పిల్లలు ఆ తెలుగు విని నవ్వుతారేమో, నవ్వనివ్వకండి.

ఫ్రాన్సు దేశంలో ల పుయి అనే ఊరినుంచి కాంక్ అనే కొండపల్లెకు, అక్కడినుంచి స్పెయిను వరకు యాత్రికులు నడిచే దారి ఒకటి ఉన్నది. 950 ప్రాంతంలో ఒక బిషప్పు ఆ దారిన పోయినాడు. నేటికీ వేలమంది మూటకు ఆల్చిప్ప కట్టుకొని నడుస్తారు. రాళ్ళమీద, చెట్లమీద ఎరుపు తెలుపు చారలు దారి చూపుతవి. ఊరూరా పడక దొరుకుతుంది. నడిచేవాళ్ళు ఉన్నారు కనుకనే ఆ దారి మిగిలింది. మనకూ సత్రాలు, చలివేంద్రాలు, దింపుడు బండలు ఉండేవి. బస్సులు వచ్చాక తలమీది మూట దించేవాడు లేక ఆ బండలు ఉట్టి రాళ్ళయినవి.

నాగలమడక దాటి తిరుమణి వైపు పోతే మరొక వింత. సుమారు 13,000 ఎకరాలలో అద్దాల పలకలు పరచి 2,050 మెగావాట్ల కరెంటు తీస్తున్నారు. 2018లో మొదలై 2019 చివరికి పూర్తయింది. రైతుల భూములను కొనలేదు, ఎకరాకు ఏటా 21,000 రూపాయల చొప్పున కౌలుకు తీసుకొన్నారు. కరువుసీమలో అది చిన్న సంగతి కాదు. కాని కంచెలు వేసిన చోట పాత కాలిబాటలు తెగిపోతవి. భూమి లేని కూలివాడికి కౌలూ రాదు, కూలీ పోయింది. ఎండ దిగుబడిలో అతని వాటా ఎవరు లెక్క కడతారో!

నడవదలచిన వారికి ఒక హెచ్చరిక. ఇక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీళ్ళు వెంట తీసుకొనిపోండి. బొరుగులు, వేయించిన చెనక్కాయలు కొంగున కట్టుకొంటే పిల్లలు ఊరుకొంటారు. సంగటి, ఊరిబిండి కట్టించుకొంటే ఇంకా మేలు. పెన్నలో స్నానం చేద్దామని ఆశపడవద్దు. నంది కొండల్లో పుట్టిన ఆ నది ఈ చోటికి వచ్చేసరికి చాలా ఏళ్ళు ఇసుకే. నీళ్ళుంటే మీ అదృష్టం. లేకుంటే, వెంట తెచ్చిన చెంబు నీళ్ళతో ముందు ఆ తల్లి కాళ్ళు కడిగి, ఆ తరువాత గుడిలోకి పోండి.